ఆఖరి యూనిట్ ఖరీదు: గృహ విద్యుత్ బిల్లు లెక్క, ఆదా మార్గాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఒక కుటుంబం మార్చిలో 225 యూనిట్ల విద్యుత్ వాడి, మేలో 300 యూనిట్లు వాడిందనుకుందాం. వాడకం పెరిగింది మూడో వంతు మాత్రమే. విద్యుత్ ఛార్జీ మాత్రం 1,017 రూపాయల నుంచి 1,673 రూపాయలకు, అంటే దాదాపు 65 శాతం పెరుగుతుంది. మీటరు తప్పు తిరగలేదు, లెక్కలో పొరపాటూ లేదు. యూనిట్లన్నీ ఒకే ధర పలకకపోవడమే దీనికి కారణం. ఇంటి బిల్లును అర్థం చేసుకోవాలన్నా, తగ్గించుకోవాలన్నా చూడవలసింది సగటు ధరను కాదు, నెలాఖరున వాడే చివరి యూనిట్ల ధరను.

యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్. వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగినా ఒక యూనిట్టే, రెండు వేల వాట్ల గీజర్ అరగంట పనిచేసినా ఒక యూనిట్టే. మన దేశంలో గృహ వినియోగదారులకు ఈ యూనిట్ల ధరను 2003 విద్యుత్ చట్టం కింద ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు నిర్ణయిస్తాయి. తక్కువ వాడే పేద ఇళ్లకు తక్కువ ధర, ఎక్కువ వాడేవారికి ఎక్కువ ధర ఉండాలన్నది శ్లాబుల విధానం వెనుక ఉన్న ఉద్దేశం.

శ్లాబులు ఎలా పనిచేస్తాయి

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఇది మెట్ల వరుస వంటిది. పై మెట్టుకు చేరినా కింది మెట్ల యూనిట్లకు కింది ధరే వర్తిస్తుంది. కాబట్టి 300 యూనిట్లు వాడిన ఇంటికి సగటున యూనిట్ 5.58 రూపాయలు పడినా, చివరి 75 యూనిట్లలో ప్రతి ఒక్కటీ 8.75 రూపాయలదే. ఆ 75 యూనిట్లు తగ్గించుకుంటే వాడకం పావు వంతు తగ్గుతుంది, ఛార్జీ మాత్రం 39 శాతం తగ్గుతుంది.

తెలంగాణలో లెక్క మరో విధంగా ఉంటుంది. 2022 నాటి ధరల పట్టిక గృహ వినియోగదారులను నెల వాడకాన్ని బట్టి వేర్వేరు వర్గాలుగా విభజించింది. వంద యూనిట్ల లోపు వాడేవారికి మొదటి 50 యూనిట్లకు 1.95, తర్వాతి 50 యూనిట్లకు 3.10 రూపాయలు. వంద దాటి రెండు వందల లోపు ఉంటే మొదటి వంద యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80. రెండు వందలు దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10 రూపాయల చొప్పున, 201 నుంచి 300 వరకు 7.70 రూపాయల చొప్పున పడుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయం, గీత దాటగానే కింది యూనిట్ల ధర కూడా మారిపోవడం. సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి విద్యుత్ ఛార్జీ 820 రూపాయలు, 201 యూనిట్లు వాడిన ఇంటికి 1,027.70 రూపాయలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. వంద యూనిట్ల గీత దగ్గర కూడా ఇటువంటి గెంతే ఉంది. అక్కడ 101వ యూనిట్‌కు 92 రూపాయలకు పైగా అదనంగా చెల్లించవలసి వస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చి నుంచి అమలు చేస్తున్న గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. ఆ పరిమితి దాటితే బిల్లు మొత్తం కట్టవలసిందే. అటువంటి ఇంటికి 201వ యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాట. కాబట్టి ఈ కుటుంబాలకు 150 యూనిట్ల దగ్గర పది యూనిట్లు ఆదా చేసినా చేతికి రూపాయి మిగలదు. 205 దగ్గర ఐదు యూనిట్లు తగ్గితే నెల కిరాణా సామానులో మంచి భాగమే గట్టెక్కుతుంది. పథకం ఉద్దేశం మంచిదే అయినా, పొదుపు చేయాలన్న ప్రేరణను అది ఒక్క గీత దగ్గరే పోగుచేసిందన్న విమర్శకు అవకాశం ఉంది.

ఇటువంటి గీతలు మరికొన్ని రాష్ట్రాలలోనూ ఉన్నాయి. ఢిల్లీలో 200 యూనిట్ల వరకు ఉచితం, 201 నుంచి 400 వరకు 800 రూపాయలకు మించకుండా సగం రాయితీ. పంజాబ్‌లో 2022 జులై నుంచి నెలకు 300 యూనిట్లు ఉచితం. తమిళనాడులో రెండు నెలలకొకసారి వచ్చే బిల్లులో మొదటి వంద యూనిట్లు అందరికీ ఉచితం. ఎంత వాడినా ఆ వంద యూనిట్ల ఉచితం పోదు కనుక అక్కడ ఈ రకమైన గెంతు లేదు. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పరిచయమైన కర్ణాటక గృహజ్యోతి మరో పద్ధతి. 200 యూనిట్ల గరిష్ఠ పరిమితికి లోబడి, ఆ ఇంటి 2022-23 సగటు వాడకానికి పది శాతం కలిపి ఉచిత పరిమాణాన్ని నిర్ణయించారు. పొరుగు దేశం పాకిస్తాన్‌లో నిబంధన మరింత కఠినం. వరుసగా ఆరు నెలలు 200 యూనిట్లకు లోబడి వాడినవారే తక్కువ ధరల రక్షిత వర్గంలో ఉంటారు. ఒక్క నెల గీత దాటితే, మళ్లీ ఆరు నెలలు తగ్గించి వాడితే తప్ప ఆ వర్గంలోకి తిరిగి రాలేరు.

బిల్లులోని మిగిలిన పద్దులు

శ్లాబు ధరలు మారని సంవత్సరంలో కూడా బిల్లు పెరగవచ్చు. విద్యుత్ పంపిణీ సంస్థల ఖర్చులో అత్యధిక భాగం కరెంటు కొనుగోలుకే పోతుంది. బొగ్గు ధర పెరిగినా, ఎండలు ముదిరి బహిరంగ మార్కెట్‌లో కొనవలసి వచ్చినా ఆ భారం సంవత్సరారంభంలో వేసిన అంచనాను మించిపోతుంది. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. అటువంటి రోజుల్లో సాయంత్రం సూర్యుడు అస్తమించి సౌర విద్యుత్ తగ్గిన తర్వాత, ఎక్స్ఛేంజీలలో యూనిట్ ధర నియంత్రణ సంస్థ విధించిన పది రూపాయల పరిమితిని తాకడం అరుదు కాదు.

ఈ అదనపు ఖర్చును ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు పేరిట వినియోగదారుల నుంచి వసూలు చేస్తారు. 2022 డిసెంబరులో కేంద్రం సవరించిన నిబంధనలు ఈ సర్దుబాటును నెలనెలా దానంతట అదే బిల్లులో చేర్చే వీలు కల్పించాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా నెలకు యూనిట్‌కు 40 పైసల వరకు వసూలు చేసుకోవచ్చు. అంతకు మించిన మొత్తాన్ని నియంత్రణ మండలి విచారణ జరిపి, ట్రూ అప్ ఛార్జీలుగా తర్వాతి సంవత్సరాలలో వసూలుకు అనుమతిస్తుంది. అంటే ఈ నెల బిల్లులో ఒకటి రెండేళ్ల కిందటి కరెంటు ఖర్చు కూడా ఉండవచ్చు. ఆ పాత బాకీని కనెక్షన్ పాత వాడకం ఆధారంగా లెక్కిస్తే, కొత్తగా అద్దెకు దిగిన కుటుంబం మునుపటి కిరాయిదారు వాడిన ఏసీకి డబ్బు కట్టవలసి వస్తుంది. అద్దె ఇల్లు చూసుకునేవారు పాత బిల్లులు ఒకటి రెండు అడిగి చూడడం మంచిది.

వీటికి తోడు మంజూరైన లోడును బట్టి స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల చొప్పున విద్యుత్ సుంకం ఉంటాయి. పొదుపు చేసినంత మాత్రాన స్థిర ఛార్జీ తగ్గదు. సర్దుబాటు ఛార్జీ, సుంకం మాత్రం యూనిట్లతో పాటే తగ్గుతాయి.

ఇంధనాన్ని దిగుమతి చేసుకునే దేశాలలో ఈ దెబ్బ ఇంకా బలంగా తగులుతుంది. విదేశీ మారక ద్రవ్య సంక్షోభంలో చిక్కుకున్న శ్రీలంకలో 2022 ఆగస్టులో విద్యుత్ ధరలు సగటున 75 శాతం, తిరిగి 2023 ఫిబ్రవరిలో 66 శాతం పెరిగాయి. తర్వాత 2024 జులైలో, 2025 జనవరిలో తగ్గింపులు వచ్చినా, మధ్యతరగతి కుటుంబాలు ఆ రెండేళ్లలో వాడకం అలవాట్లనే మార్చుకోవలసి వచ్చింది.

ఇంట్లో యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి

అక్కరలేని దీపాలు ఆర్పాలన్న సలహా పాతది, మంచిది. కానీ దానివల్ల ఇప్పుడు కలిసివచ్చేది తక్కువ. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. రోజుకు ఐదు గంటలు వెలిగే 60 వాట్ల పాత బల్బు నెలకు 9 యూనిట్లు తీసుకుంటే, దాని స్థానంలో వచ్చిన 9 వాట్ల ఎల్ఈడీ ఒకటిన్నర యూనిట్ కూడా తీసుకోదు. దీపాలలో మిగల్చదగినది చాలా ఇళ్లలో ఇప్పటికే మిగిలిపోయింది. నేటి బిల్లు బరువంతా చల్లదనం, వేడినీళ్లు, మోటారు, ఫ్రిజ్‌ల మీద ఉంది.

తెలుగు రాష్ట్రాలలో ఏడాదిలో ఎక్కువ నెలలు తిరిగేది సీలింగ్ ఫ్యాను. సాధారణ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. బీఎల్‌డీసీ మోటారు ఉన్న ఫ్యాను అంతే గాలిని 28 నుంచి 35 వాట్లతో ఇస్తుంది. 28 వాట్ల రకమైతే నెలకు పది యూనిట్లు చాలు. ఒక్కో ఫ్యానుకు 17 యూనిట్లు, మూడు ఫ్యాన్ల ఇంట్లో 51 యూనిట్లు మిగులుతాయి.

అయితే అందరూ వెంటనే ఫ్యాన్లు మార్చాలా? దీనికీ ఆఖరి యూనిట్ ధరే సమాధానం చెబుతుంది. కొత్త ఫ్యాను ధర 3,000 రూపాయలు అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 300 యూనిట్లు వాడే ఇంట్లో ఒక ఫ్యాను మార్పు నెలకు సుమారు 149 రూపాయలు మిగులుస్తుంది. పెట్టుబడి ఇరవై నెలల్లో తిరిగివస్తుంది. 120 యూనిట్ల ఇంట్లో మిగిలేది 76 రూపాయలు, అక్కడ మూడేళ్లకు పైగా పడుతుంది. 75 యూనిట్ల ఇంట్లో మిగులు 51 రూపాయలే. అటువంటి ఇల్లు పాత ఫ్యాను పాడైనప్పుడు కొత్త రకం కొనుక్కుంటే సరిపోతుంది. మార్చేటప్పుడైనా పడకగదిలోని ఫ్యానుతో మొదలుపెట్టాలి. అతిథుల గదిలో నెలకు నాలుగు రోజులు తిరిగే ఫ్యాను మార్చి ప్రయోజనం లేదు. తాకితే వేడెక్కి ఉండే పాత పెట్టె రెగ్యులేటర్ ఇంకా ఉంటే దాని బదులు ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టించడం చవకైన పని. పాతది ఫ్యాను వేగాన్ని తగ్గిస్తూ, మిగిలిన కరెంటును వేడిగా వృథా చేస్తుంది.

ఏసీ విషయంలో స్టార్ లేబుల్‌ను చదవడం తెలియాలి. 2001 ఇంధన సంరక్షణ చట్టం కింద ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ ఈ లేబుళ్లను నిర్ణయిస్తుంది. ఏసీ లేబుల్ మీద ఉండే వార్షిక వాడకం సంవత్సరానికి 1,600 గంటలు నడిపితే అయ్యేది. అక్కడ 800 యూనిట్లు అని ఉంటే గంటకు సగటున అర యూనిట్ అని అర్థం. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకు 120 యూనిట్లు అవుతాయి. విజయవాడ, రామగుండం వంటి చోట్ల మే నెల ఎండలకు ఇంతకంటే ఎక్కువే కావచ్చు. నక్షత్రాల ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినతరం చేస్తుంటారు కనుక కొన్నేళ్ల కిందటి ఐదు నక్షత్రాల ఏసీ నేటి ఐదు నక్షత్రాల దానితో సమానం కాదు. లేబుల్ మీది సంవత్సరాన్ని కూడా చూడాలి. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి.

ఏసీని 18 డిగ్రీల దగ్గర పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. సాధారణ రకాలలో చల్లబరిచే వేగం ఒకటే, కంప్రెసర్ ఆగకుండా పనిచేసే సమయం మాత్రం పెరుగుతుంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే ఆన్ అయ్యేలా 2020 జనవరి నుంచి నిబంధన తెచ్చారు. 26 డిగ్రీల దగ్గర ఏసీ, దానితో పాటు నెమ్మదిగా ఫ్యాను పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. వడపోత జాలీని రెండు వారాలకొకసారి నీళ్లతో కడిగి ఆరబెట్టి తిరిగి పెట్టాలి.

పై అంతస్తులో ఉండేవారికి శత్రువు గాలిలోని వేడి కన్నా, పగలంతా కాలి రాత్రంతా వేడిని దింపే కాంక్రీటు కప్పు. మిద్దె మీద సున్నం గాని, తెల్లని ప్రతిఫలన రంగు గాని వేయిస్తే ఎండలో చాలా భాగం పైకే మళ్లిపోతుంది. పూర్వం సున్నపు డాబాల ఇళ్లలో ఉన్న చల్లదనానికి ఇది కొంత కారణం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. పడమటి కిటికీలకు బయటి వైపు వట్టివేళ్ల తడికలో, వెదురు చిక్కులో కట్టడం లోపలి కర్టెన్ల కన్నా మేలు, ఎందుకంటే ఎండ అద్దాన్ని దాటక ముందే ఆగిపోతుంది.

వేడినీళ్లకు గీజర్ ఖరీదా, రాడ్డు చవకా అన్న చర్చ తరచుగా వినిపిస్తుంది. నిజానికి ఇరవై లీటర్ల బకెట్ నీటిని 22 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు వేడిచేయడానికి దేనితోనైనా సుమారు 0.47 యూనిట్ కావాలి. నలుగురి ఇంట్లో తలా ఒక బకెట్ అయితే నెలకు 56 యూనిట్లు. తేడా వచ్చేది అవసరానికి మించి కాచడంలో, కాచిన నీటిని గంటల తరబడి గీజర్‌లో నిలవ ఉంచడంలో. గీజర్ థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలకు పెట్టి, పోసుకునేటప్పుడు చన్నీళ్లు కలుపుకోవడం కన్నా 45 డిగ్రీల దగ్గర ఉంచడం నయం. రాడ్డు వాడే ఇళ్లలో ప్లగ్గు తీసిన తర్వాతే నీటిలో చేయి పెట్టాలన్న జాగ్రత్త బిల్లు కన్నా ముఖ్యం.

ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ తీసుకుంటుంది. ట్యాంకు నిండి పొర్లే నీటితో పాటు కరెంటూ కాలువలోకి పోతుంది. నీటి మట్టాన్ని బట్టి దానంతట అదే ఆగే స్విచ్ పెట్టిస్తే ఈ నష్టం ఉండదు. ఫ్రిజ్‌ను గోడకు ఆనించి, పొయ్యి పక్కన పెట్టకూడదు. తలుపు రబ్బరు వదులైందో లేదో తెలుసుకోవడానికి ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగి చూడాలి. తేలికగా వచ్చేస్తే రబ్బరు మార్పించాలి. రిమోట్‌తో ఆపిన టీవీ సెట్‌టాప్ బాక్స్ పది వాట్లు తీసుకుంటున్నదనుకుంటే, అది ఏమీ చేయకుండానే నెలకు ఏడు యూనిట్లు తింటుంది. గోడ స్విచ్ ఆపితే చాలు.

మీటరును నెల మధ్యలో చూడడం

గీత దగ్గర తిరుగాడే ఇళ్లకు అన్నిటికన్నా ఉపయోగపడే అలవాటు ఖర్చులేనిది. రీడింగ్ తీసిన రోజు అంకెను క్యాలెండర్ మీద రాసుకుని, ఇరవయ్యో రోజున మళ్లీ మీటరు చూడాలి. తెలంగాణలో ఇరవై రోజులకు 140 యూనిట్లు అయితే, అదే తీరున నెలకు 210 అవుతాయి. మిగిలిన పది రోజుల్లో రోజుకు ఏడు యూనిట్లకు బదులు ఆరుతో సరిపెట్టుకుంటే 200 దగ్గర ఆగవచ్చు. బిల్లు మీద రెండు రీడింగులకు మధ్య ఎన్ని రోజులున్నాయో కూడా చూసుకోవాలి. బిల్లు ఉన్నట్టుండి పెరిగితే ఇంట్లోని స్విచ్‌లన్నీ ఆపి మీటరు దీపం మెరుస్తున్నదేమో గమనించాలి. మెరుస్తుంటే వైరింగులో లీకేజీ గాని, పొరుగు కనెక్షన్ కలిసి ఉండడం గాని కారణం కావచ్చు. మీటరు మీదే అనుమానం ఉంటే రుసుము చెల్లించి పరీక్ష కోరే హక్కు వినియోగదారుకు ఉంది. ఫిర్యాదుకు 1912 నంబరు, అక్కడ తేలకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

స్మార్ట్ మీటర్లు వచ్చిన చోట సమయాన్ని బట్టి ధర మారే పద్ధతి కూడా రాబోతోంది. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం పగటి సౌర వేళల్లో ధర తక్కువగా, సాయంత్రపు గరిష్ఠ డిమాండ్ వేళల్లో ఎక్కువగా ఉండాలి. అది అమలైన ఇళ్లలో మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పనులను మధ్యాహ్నానికి మార్చుకోవడం లాభం. ఇంటిల్లిపాదీ పగలు ఉద్యోగాలకు వెళ్లే కుటుంబాలకు మాత్రం ఈ వెసులుబాటు అంతగా అందదు.

మిద్దె మీద సౌర ఫలకాలు

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లు లేదా అంతకు మించితే 78,000 రూపాయలు కేంద్ర రాయితీ. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. నెలకు సుమారు 120 యూనిట్లు ఉత్పత్తి అవుతాయి. నెట్ మీటరింగ్‌లో ఇంటి ఉత్పత్తిని వాడకం నుంచి తీసివేసి మిగిలినదానికే బిల్లు వేస్తారు.

ఎంత సామర్థ్యం పెట్టించాలన్న దగ్గర కూడా శ్లాబు లెక్క పనికివస్తుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఆంధ్రప్రదేశ్ ఇంట్లో మొదటి కిలోవాట్ వాడకాన్ని 180కి దించి, సుమారు 926 రూపాయలు మిగులుస్తుంది. రెండో కిలోవాట్ 60కి దించి 600 రూపాయలు మిగులుస్తుంది. మూడో కిలోవాట్ మిగిల్చేది 147 రూపాయలే. అది ఇచ్చే 120 యూనిట్లలో సగం ఇంట్లో వాడకానికి మించి గ్రిడ్‌కు పోతుంది. రాయితీ కూడా మొదటి రెండు కిలోవాట్లకు చెరి 30,000 ఉంటే, మూడోదానికి 18,000 మాత్రమే. కొత్త ఏసీ కొనే ఆలోచనో, విద్యుత్ స్కూటరో లేకపోతే అటువంటి ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. అపార్ట్‌మెంట్లలో మిద్దె ఉమ్మడిది కనుక విడివిడిగా పెట్టించుకోవడం కష్టం. అక్కడ లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు నివాసుల సంఘాలు దరఖాస్తు చేసుకోవచ్చు. వాటికి కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ఉంది.